వరస తప్పిన టెల్లూరియం

బడిలో గోడకు తగిలించిన ఆవర్తన పట్టికలో 52వ గడి దగ్గర కాసేపు ఆగి చూడండి. అక్కడున్న టెల్లూరియం పరమాణు భారం 127.6. పక్క గడిలోని అయొడిన్‌ది 126.9. బరువు పెరిగే క్రమంలోనే పేర్చాలంటే ఈ రెండూ తారుమారు కావాలి. 1869లో రష్యా రసాయనవేత్త మెండలీవ్ ఆ సంగతి తెలిసే టెల్లూరియాన్ని ముందు పెట్టాడు. ఆయన పెట్టిన చోటు సరైనది, చెప్పుకున్న కారణం మాత్రం తప్పు. అసలు కారణం బయటపడటానికి నలభై ఏళ్లకు పైగా పట్టింది. పట్టిక చరిత్రలో నన్ను ఎక్కువగా కట్టిపడేసేది ఆ నిరీక్షణే.

మూలకాలను లెక్కపెట్టడం అంతకు చాలాముందే మొదలైంది. 1789లో లావోయిజర్ ఇచ్చిన జాబితాలో 33 సరళ పదార్థాలున్నాయి. వెలుగునూ వేడినీ కూడా ఆయన వాటిలోనే చేర్చాడు. 1829 నాటికి జర్మనీలో డాబరీనర్ మూడేసి మూలకాల జట్లను గుర్తించాడు. లిథియం 7, సోడియం 23, పొటాషియం 39: మధ్యదాని బరువు అటూ ఇటూ ఉన్నవాటికి సరిగ్గా సగటు. కానీ పరమాణు భారాల మీదే రసాయనవేత్తలకు ఏకాభిప్రాయం లేని కాలమది. ఆక్సిజన్ ఒకరికి 8, మరొకరికి 16. కొలతలే కుదరనప్పుడు వరస ఎలా కుదురుతుంది?

ఆ చిక్కుముడి విడిపోయింది 1860 సెప్టెంబరులో, కార్ల్స్‌రూ నగరంలో జరిగిన సమావేశంతో. ఇటలీకి చెందిన కన్నిజారో అవొగాడ్రో పరికల్పనను ఆధారం చేసుకుని భారాలను ఎలా తేల్చాలో అక్కడ వివరించాడు. ఆయన రాసిన చిన్న పుస్తకాన్ని సభికులకు పంచారు. ఆ సభలో యువకులైన మెండలీవ్, లోథర్ మేయర్ ఇద్దరూ ఉన్నారు. తర్వాత పదేళ్లలోపే పట్టికలు ఒకదాని వెంట ఒకటి పుట్టుకురావడం యాదృచ్ఛికం కాదు.

ఇంగ్లండులో న్యూలాండ్స్ ప్రతి ఎనిమిదో మూలకం మొదటిదాన్ని పోలి ఉందని చెప్పాడు. 1866లో లండన్ కెమికల్ సొసైటీలో ఆయన ఆ మాట చెప్పినప్పుడు, అక్షరక్రమంలో పేర్చి చూశారా అని ఒకరు అడిగారు. ఆ అవమానం ఆయనకు తగనిది. అయితే ఆయన పట్టికలో ఒక లోటు నిజంగానే ఉంది. కనుగొనని మూలకాలకు చోటు వదలకపోవడంతో కొన్ని గడుల్లో రెండేసి మూలకాలను ఇరికించాల్సి వచ్చింది.

మెండలీవ్ ఈ పనికి వచ్చింది పాఠ్యపుస్తకం రాస్తూ. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో విద్యార్థుల కోసం రాస్తున్న ఆ పుస్తకంలో క్లోరిన్ కుటుంబం ముగిసింది, సోడియం కుటుంబం మొదలైంది. వాటి భారాలను పక్కపక్కన పెడితే క్లోరిన్ 35.5, పొటాషియం 39. బ్రోమిన్ 80, రుబీడియం 85. అయొడిన్ 127, సీజియం 133. రసాయనికంగా ఉత్తర దక్షిణ ధ్రువాల్లాంటి రెండు కుటుంబాలు బరువులో మాత్రం ఇరుగుపొరుగు. కుటుంబాల మధ్య ఉన్న ఈ సంబంధమే ఆయన ఆలోచనకు ఊతమైంది. రష్యా పాత కేలండరు ప్రకారం 1869 ఫిబ్రవరి 17న, జున్ను తయారీ కేంద్రాలను చూడటానికి రమ్మంటూ వచ్చిన ఉత్తరం వెనకవైపున ఆయన వేసుకున్న అంకెలు ఇప్పటికీ ఉన్నాయి. కలలో పట్టిక కనిపించిందన్న కథకన్నా ఆ కొట్టివేతల కాగితమే నాకు ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది.

అప్పటికి తెలిసిన మూలకాలు 63. భారానికీ గుణానికీ పొత్తు కుదరని చోట మెండలీవ్ గుణం పక్షాన నిలిచాడు. బెరీలియం భారం 14 కాదు, 9 అన్నాడు. యురేనియం భారాన్ని 120 నుంచి 240కి రెట్టింపు చేశాడు. టెల్లూరియం గుణాల్లో సెలీనియం చుట్టం, అయొడిన్ బ్రోమిన్‌కు చుట్టం. కాబట్టి టెల్లూరియం భారాన్ని ఎవరో తప్పుగా కొలిచి ఉంటారని తీర్మానించాడు. ఎక్కడా ఇమడని చోట గడిని ఖాళీగా వదిలేశాడు. 1871లో అలాంటి మూడు ఖాళీల్లో రాబోయే మూలకాల గుణాలను వివరంగా రాసిపెట్టాడు.

1875లో ఫ్రాన్సులో బ్వాబోద్రాన్ గాలియాన్ని కనుగొని దాని సాంద్రత 4.7 అన్నాడు. ఆ లోహాన్ని కంటితోనైనా చూడని మెండలీవ్, అది 5.9 దగ్గర ఉండాలి, మళ్లీ కొలవండి అని రాశాడు. శుద్ధి చేసి కొలిస్తే 5.9 వచ్చింది! 1879లో స్కాండియం, 1886లో జెర్మేనియం మిగతా రెండు ఖాళీలనూ నింపాయి. ఆయన ఊహించినవన్నీ నిజం కాలేదు. ఈథర్‌ను కూడా హైడ్రోజన్‌కన్నా తేలికైన మూలకంగా పట్టికలో కూర్చోబెట్టాలని చివరి రోజుల్లో ప్రయత్నించాడు.

అసలు ఊహించని కుటుంబం ఒకటి మిగిలే ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడటానికి ఫ్రెంచి ఖగోళవేత్త జాన్సెన్ మన గుంటూరు వచ్చాడు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల కాంతిలో మెరిసే గీతలను చూశాడు. ఆనాటి గ్రహణ పరిశీలకులకు కనిపించిన ఒక పసుపు గీత కొత్త మూలకానిదని తర్వాత ఇంగ్లండు ఖగోళవేత్త లాక్యర్ భావించాడు. అదే హీలియం. భూమి మీద దాన్ని రసాయనవేత్త రామ్సే 1895లో పట్టుకున్నాడు. అంతకు ముందు ఏడాదే రామ్సే, రేలీ కలిసి ఆర్గాన్‌ను కనుగొన్నారు. దేనితోనూ కలవని ఈ వాయువులకు పట్టికలో గడే లేదు, కొత్త నిలువు వరసే చేర్చాల్సి వచ్చింది. పైగా ఆర్గాన్ భారం దాదాపు 40, దాని తర్వాత రావలసిన పొటాషియంది 39. టెల్లూరియం పేచీ ఇక్కడా ఎదురైంది. కొలత తప్పని రెండుసార్లు ఎలా అంటారు?

1913లో మాంచెస్టర్‌లో మోస్లే అనే కుర్రవాడు మూలకాల మీద ఎలక్ట్రాన్లను తాకించి, వచ్చిన ఎక్స్‌కిరణాల పౌనఃపున్యాలను కొలిచాడు. ఒక్కో గడి ముందుకు వెళ్లేకొద్దీ వాటి వర్గమూలం సమానమైన మెట్టు ఎక్కుతోంది. వరసను నిర్ణయించేది బరువు కాదు, కేంద్రకంలోని ధనావేశం. కోబాల్ట్ బరువెక్కువైనా 27, నికెల్ 28. టెల్లూరియం 52, అయొడిన్ 53. టెల్లూరియం సహజంగా దొరికే రూపాల్లో 128, 130 ఐసోటోపులదే పెద్దవాటా కాబట్టి సగటు పెరిగింది. అయొడిన్‌కు ప్రకృతిలో ఉన్నది 127 ఒక్కటే. గాలిలోని ఆర్గాన్‌లో దాదాపు అంతా పొటాషియం 40 క్షీణించగా పుట్టిందే, అందుకే ఆ బరువు. 43, 61, 75 గడులు ఖాళీ అని కూడా మోస్లే తేల్చాడు. 1915 ఆగస్టులో గాలిపోలి యుద్ధంలో తుపాకి గుండు తగిలి చనిపోయాడు. వయసు 27. ఒక శాస్త్రం అలాంటి మనిషిని కందకాల్లో పోగొట్టుకోవడం తలచుకుంటే నేటికీ కడుపు తరుక్కుపోతుంది.

అడ్డు వరసల్లో 2, 8, 8, 18, 18, 32, 32 చొప్పున మూలకాలు ఎందుకున్నాయో ఎలక్ట్రాన్ల అమరిక వివరించింది. ఒకే నిలువు వరసలోని వాటికి వెలుపలి ఎలక్ట్రాన్ల తీరు ఒకటే, అందుకే గుణాలూ ఒకటే. 72వ మూలకం విరళ మృత్తికల్లోది కాదు, జిర్కోనియం కింద ఉండాలని బోర్ సిద్ధాంతం చెప్పింది. 1923లో కోస్టర్, హెవెసీ కోపెన్‌హేగన్‌లో జిర్కోనియం ఖనిజంలోనే హాఫ్నియాన్ని చూపించారు. ఈ చుట్టరికం ఎంత గట్టిదో హైదరాబాద్‌లోని అణు ఇంధన సముదాయంలో పనిచేసేవారికి బాగా తెలుసు. ఇంధన గొట్టాలకు వాడే జిర్కోనియంలో న్యూట్రాన్లను మింగే హాఫ్నియం మిగలకూడదు, రసాయనికంగా ఒకేలాంటి ఆ రెంటినీ విడదీయడం మాత్రం మహాకష్టం.

పట్టికలో చివరి పెద్ద సవరణ 1940లలో సీబోర్గ్ చేశాడు. అంతవరకు హాఫ్నియం, టాంటలం, టంగ్‌స్టన్‌ల కింద కూర్చున్న థోరియం, ప్రొటాక్టినియం, యురేనియంలను తీసి ఆక్టినైడ్లుగా కింద వేరే వరసలో పెట్టాడు. 2016లో పేర్లు ఖాయమైన నాలుగు మూలకాలతో ఏడో అడ్డు వరస నిండింది. వాటిలో ఆఖరిది 118వ ఒగనెస్సాన్. రామ్సే తెచ్చిన వాయువుల కిందే దానికి గడి దొరికింది. తయారైన పరమాణువులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని, అవీ సెకనులో వెయ్యోవంతు కూడా నిలవలేదు. దాని కేంద్రకావేశం ఎంత ఎక్కువంటే ఎలక్ట్రాన్లు కాంతివేగాన్ని సమీపిస్తాయి. ఆ లెక్కన అది వాయువు కాక, గది ఉష్ణోగ్రత దగ్గర ఘనపదార్థమై ఉండవచ్చని గణనలు చెబుతున్నాయి. అదే నిజమైతే, గడి సంఖ్య సరిగ్గా ఉండి కూడా గుణం తన నిలువు వరసతో పొసగని మూలకం అవుతుంది.