పడవ పరదాల టిచ్ బటన్లు: మరమ్మతు

పడవలోని యంత్రమును, ఆసనములను, దిక్సూచి మొదలగు పరికరములను ఎండవానలనుండి కాపాడుటకై కప్పెడి కాన్వాసు పరదాను అంచునకు పట్టియుంచు లోహపు బొత్తాములకు టిచ్ బటన్లని వాడుక. ఇట్టి బొత్తామునకు 1885లో జర్మనీ దేశీయుడగు హెరిబర్ట్ బావర్ పేటెంటు పొందెను. రవికలకు కుట్టువానివలె గాక ఇవి గుడ్డను నడుమ నిరికించుకొని సుత్తిదెబ్బతో బిగియును. పరదా పైవైపున కాడగల టోపీ, లోవైపున గిన్నె, పడవ అంచున మరమేకుతో నాటిన బుడిపె ఇందలి ముఖ్యాంగములు. గిన్నెలోని సన్నని తీగ బుడిపె మెడను పట్టుకొనును. ఆ తీగ బిగువే బటనునకు ప్రాణము.

రెండు ఋతుపవనములకును గుఱియై, సాలుకు సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షము గల అండమాన్ దీవులలో ఉప్పుతేమ యెడతెగక సోకుటచే ఇత్తడి బటన్ల నికెలు పూత లేచిపోయి చిలుము పట్టును. అల్యూమినియం అంచున స్టీలు బుడిపెను నాటినచో, ఉప్పునీరు ఆ రెంటి నడుమ విద్యుత్తును ప్రసరింపజేయుటవలన అల్యూమినియమే క్షయించి తెల్లని పొడి రాలును. ఉత్తరాంధ్ర తీరమునుండి వలసపోయి పోర్టు బ్లేయరు (2024 నుండి శ్రీ విజయపురము) నందలి జంగ్లీఘాటులో స్థిరపడిన తెలుగు మత్స్యకారుల డుంగీలవంటి వేటపడవలకు త్రాటితో కట్టిన పరదాయే చాలును. యాత్రికులను త్రిప్పు ఫైబరు పడవలకే ఈ బటన్ల యక్కఱ హెచ్చు.

బటను ఊడినదని యజమాని క్రొత్త బటనుకై వెదకునుగాని, చాలమారులు చెడినది గుడ్డయే. పాత బటను కాడను డ్రిల్లుతో మెల్లగా తొలిచి తీసిన పిమ్మట బెజ్జము చుట్టును పరీక్షింపవలెను. పోగులు సడలి బెజ్జము కాడకన్న వెడల్పైయున్నచో, దానిలో నెంత మేలిరకపు బటను బిగించినను తొలి గాలివానకే ఊడిపోవును. కనుక లోవైపున అదే రకపు కాన్వాసుతోగాని నైలాను నవారుతోగాని మాసికవేసి, నూలుదారము తేమకు చివుకును గావున పాలియెస్టరు దారముతో చుట్టును కుట్టి, కాడ బిగువుగా దూరునంతటి క్రొత్త బెజ్జము చేయవలెను. కృత్రిమపు గుడ్డయైనచో కాల్చిన కదురుతో పొడిచినయెడల పోగులు కరగి అంచు గట్టిపడును. అటుపై టోపీని గుంటగల దిమ్మెపై బోర్లించి, పైకి వచ్చిన కాడకు గిన్నెను తొడిగి, బిగించు పనిముట్టును దానిపై నిట్టనిలువుగా నిలిపి, రెండు మూడు సమమైన దెబ్బలు వేయవలెను. వ్రేలితో త్రిప్పినపుడు గిన్నె తిరిగినచో బిగువు చాలదు. టోపీ నొక్కుపడినచో దెబ్బ మితిమీరినది.

ఏండ్లతరబడి వాడిన పరదా ముడుచుకొని పాత బుడిపెకు అందదు. దానిని బలిమితో లాగుటకంటె బుడిపెను జరుపుటయే మేలు. ఫైబరు పొరల నడుమ కొయ్యపలక యున్నచో పాత రంధ్రములోనికి నీరు దిగి ఆ పలక చివికిపోవును గావున, ఆ రంధ్రమును తప్పక ఎపాక్సీతో పూడ్చవలెను.

నానావిధములగు సరకులు చెన్నై, విశాఖపట్నము, కలకత్తాలనుండి ఓడలపై చేరవలసిన ఈ దీవులలో, ఒకే తయారీకి చెందిన బటన్లను కొన్ని నిలువయుంచుకొనుట వివేకము. ఒకరి గిన్నె వేరొకరి బుడిపెకు సరిగా అమరకపోవచ్చును. వారమున కొకమారు మంచినీట కడిగి, బుడిపెలకు పెట్రోలియం జెల్లీ పలుచగా పూయవలెను. పరదా తీయునపుడు కొంగు పట్టి గుంజక, బటను ప్రక్కనే వ్రేళ్లు దూర్చి పైకెత్తవలెను. తుఫాను హెచ్చరిక వచ్చిననాడు బటన్లనే నమ్మక పరదామీదుగా త్రాళ్లు బిగింపవలెను.