నిరుద్యోగులలో ఆత్మవిశ్వాసం: బృంద శిక్షణ చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరవాత మీరు నిరుద్యోగం మనస్సుపై చూపే ప్రభావాన్ని, బృంద శిక్షణ రూపొందిన క్రమాన్ని, దాని పరిమితిని వివరించగలుగుతారు.

1. మేరియంథాల్ అధ్యయనం

ఆస్ట్రియాలో వియన్నా సమీపంలోని మేరియంథాల్ గ్రామం ఒకే బట్టల మిల్లుపై ఆధారపడి ఉండేది. ఆర్థిక మాంద్య కాలంలో ఆ మిల్లు మూతపడింది. మేరీ జహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అక్కడి ప్రజల జీవితాన్ని పరిశీలించి 1933లో గ్రంథం ప్రచురించారు. పని లేనప్పుడు తీరిక పెరుగుతుంది కాబట్టి చదివే అలవాటు కూడా పెరిగి ఉంటుందని మీరు భావించవచ్చు. కాని గ్రంథాలయం నుంచి తీసుకెళ్లే పుస్తకాల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. వీధిలో పురుషుల నడక సైతం మందగించింది. నిరుద్యోగం ఆదాయంతోపాటు ప్రయత్నించాలనే కోరికను కూడా తీసుకుపోతుందని దీనివల్ల తెలిసింది.

2. జాబ్ క్లబ్

అటువంటి కోరికను తిరిగి కలిగించడం ఎలా? అమెరికాలోని ఇల్లినాయిస్ రాష్ట్రంలో మనస్తత్వ శాస్త్రవేత్త నేథన్ అజ్రిన్, ఆయన సహచరులు 1970వ దశకంలో 'జాబ్ క్లబ్' పద్ధతిని రూపొందించారు. ఇందులో ఉద్యోగార్థులు ప్రతిరోజూ కలుసుకొనేవారు. ఇద్దరిద్దరు జతగా ఏర్పడి ఒకరికొకరు సహాయపడేవారు. ఇంటర్వ్యూను ముందుగా అభ్యాసం చేసేవారు. ఖాళీల సమాచారాన్ని పంచుకొనేవారు. 1975లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, రెండు నెలల్లో క్లబ్ సభ్యులలో 90 శాతం మందికి, ఈ సహాయం పొందనివారిలో 55 శాతం మందికి ఉద్యోగాలు లభించాయి.

ఇక్కడ ధైర్యం గురించి ఉపన్యాసాలకన్నా రోజువారీ పనికే ప్రాధాన్యం ఉన్నదని గమనించండి. స్వయంగా ఒక పనిని సాధించడం, తనవంటివారు సాధించగా చూడడం ఆత్మవిశ్వాసానికి ఆధారాలని 1977లో ఆల్బర్ట్ బందూరా సిద్ధాంతీకరించారు. ఒంటరిగా ఉన్నవారికి రెండవ ఆధారం దొరకదు. బృందం అవసరం ఇక్కడే ఉంది.

3. తిరస్కారానికి సిద్ధపడడం

1980వ దశకంలో మిచిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మరొక అంశాన్ని చేర్చారు. ఎదురుకాగల అడ్డంకులను బృందంలో ముందే ఊహించి, వాటిని ఎదుర్కొనే మార్గాలను చర్చించేవారు. టీకా రోగాన్ని తట్టుకొనే శక్తిని ఇచ్చినట్లే, ఈ అభ్యాసం తిరస్కారాన్ని తట్టుకొనే శక్తిని ఇస్తుందని వారి భావన.

4. పరిమితి

శిక్షణ కొత్త ఉద్యోగాలను సృష్టించదు. మేరియంథాల్‌లో ముందుగా మూతపడింది మిల్లు. ఉత్సాహం తగ్గింది ఆ తరవాతే. కాబట్టి ఆత్మవిశ్వాసం లేకపోవడమే నిరుద్యోగానికి కారణమనడం కార్యకారణాలను తారుమారు చేయడమే. మీలో కొందరు ఉద్యోగం వెతుకుతూనే ఈ పాఠం చదువుతూ ఉండవచ్చు. మీ నిరాశను మీ అసమర్థతకు రుజువుగా తీసుకోకండి. మీవంటివారు నలుగురితో కలిసి ప్రయత్నాన్ని కొనసాగించండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

జాబ్ క్లబ్ పద్ధతిలో బృందం పాత్రను వివరించి, బృంద శిక్షణకు గల పరిమితిని పేర్కొనండి.