చదివిన పుస్తకాల లెక్క: నోటుబుక్కు నుంచి సొంత యాప్ దాకా

ఏ పుస్తకం ఎప్పుడు మొదలుపెట్టాం, ఎన్నో పేజీ దగ్గర ఆపాం, ఏడాదిలో ఎన్ని పూర్తిచేశాం అన్న లెక్క చెప్పే యాప్‌లు ఇప్పుడు బోలెడున్నాయి. కాస్త ప్రోగ్రామింగ్ తెలిసినవాళ్లు తమకు కావలసినట్టుగా తామే రాసుకుంటున్నారు కూడా. ఫోన్లు కొత్తవే గానీ ఈ లెక్కలు రాసే అలవాటు మాత్రం ఏనాటిదో.

ఇంగ్లండు తత్వవేత్త జాన్ లాక్ 1686లో ఒక ఫ్రెంచి భాషా పత్రికలో తన పద్ధతి ప్రచురించాడు. చదివినవాటిలో పనికొచ్చే సంగతుల్ని నోటుబుక్కులో ఎక్కించడం, అవసరమైనప్పుడు చప్పున వెతికి పట్టుకోవడం ఎలాగో అందులో చెప్పాడు. శీర్షికలోని మొదటి అక్షరం, దాని తర్వాత వచ్చే మొదటి అచ్చు ఆధారంగా పేజీ నంబర్లు చూపే సూచికను రెండు పేజీల్లో ఇమిడ్చాడు. ఇవాళ డేటాబేసులో ఇండెక్సు చేసేదీ ఆ పనే. చార్లెస్ డార్విన్ 1838 నుంచి 1860 దాకా చదవాల్సినవాటికీ, చదివినవాటికీ వేర్వేరు జాబితాలు రాసుకున్నాడు. ఇప్పటి చాలా యాప్‌లలో కనిపించే రెండు అరలు అవే.

యంత్రం పుస్తకాన్ని పోల్చుకోవాలంటే నంబరు కావాలి. 1960లలో బ్రిటన్ పుస్తక వ్యాపార సంస్థ డబ్ల్యూ.హెచ్.స్మిత్ కోసం గోర్డన్ ఫోస్టర్ తొమ్మిదంకెల పద్ధతి రూపొందించాడు. 1970లో అది పదంకెల ఐఎస్‌బీఎన్‌గా అంతర్జాతీయ ప్రమాణమైంది. 2007 నుంచి పదమూడంకెలైంది. అట్ట వెనక బార్‌కోడ్‌ను ఫోను కెమెరాకు చూపిస్తే పుస్తకం పేరు వచ్చేది ఈ నంబరు వల్లే.

2005లో టిమ్ స్పాల్డింగ్ సొంత పుస్తకాల జాబితా పెట్టుకునే లైబ్రరీథింగ్ వెబ్‌సైటు తెచ్చాడు. 2007లో ఓటిస్ చాండ్లర్, ఎలిజబెత్ ఖురీ అలాంటిదే గుడ్‌రీడ్స్ మొదలుపెట్టారు. మిత్రుల అల్మరాలో ఏ పుస్తకాలున్నాయో చూడాలన్న కుతూహలమే దానికి పెట్టుబడి. 2013లో దాన్ని అమెజాన్ కొన్నది. 2020 డిసెంబరులో, బయటి ప్రోగ్రాములు తన సమాచారం వాడుకునే ఏపీఐకి కొత్త తాళంచెవులు ఇవ్వడం గుడ్‌రీడ్స్ మానేసింది. దానిమీద ఆధారపడి సొంత యాప్‌లు కట్టుకుంటున్నవాళ్ల దారి మూసుకుపోయింది. మరోపక్క 2019లో లండన్ ఇంజినీరు నాడియా ఒడునాయో ఒంటరిగా మొదలుపెట్టిన స్టోరీగ్రాఫ్, గుడ్‌రీడ్స్‌లోని జాబితాను దించుకుని తెచ్చుకునే వీలు కల్పించి పాఠకుల్ని ఆకట్టుకుంది.

సొంతంగా కట్టుకోవడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. రిచర్డ్ హిప్ 2000లో విడుదల చేసిన ఎస్‌క్యూలైట్ డేటాబేసు మొత్తం ఒకే ఫైల్లో ఇముడుతుంది. మన ఫోన్లలో అది ఎలాగూ ఉంది. పట్టికలు మూడు చాలు: పుస్తకాలు, పఠనాలు, రోజువారీ పేజీలు. పఠనాలకు వేరే పట్టిక ఎందుకంటే, మొదలుపెట్టిన తేదీని పుస్తకం వరుసలోనే రాస్తే, అదే పుస్తకం రెండోసారి చదివినప్పుడు పాత తేదీ చెరిగిపోతుంది.

తెలుగు పాఠకుడికి ఇంకో చిక్కుంది. పాత తెలుగు పుస్తకాలకు ఐఎస్‌బీఎన్ లేదు. 1897లో తొలిసారి అచ్చయిన ‘కన్యాశుల్కం’ నాటకం ఆ తర్వాత ఎందరో ప్రచురణకర్తల చేతుల్లో ఎన్నో ముద్రణలు పొందింది; పాత ముద్రణల మీద ఆ నంబరు ఉండదు. కాబట్టి ఐఎస్‌బీఎన్‌ను పుస్తకానికి గుర్తుగా పెట్టుకుంటే సగం అల్మరా యాప్‌లోకి ఎక్కదు. ప్రతి పుస్తకానికీ సొంత వరుస సంఖ్య ఇచ్చి, ఐఎస్‌బీఎన్ గడిని ఖాళీగా వదిలే వీలుంచాలి. రచన వేరు, దాని ముద్రణలు వేరు అని కూడా గుర్తుంచుకోవాలి. లేకపోతే ఒకే నాటకం రెండు పుస్తకాలుగా లెక్కకొస్తుంది.

డార్విన్ జాబితాలు కాగితం మీద ఉన్నాయి గనుక నేటికీ నిలిచాయి. ఏ కంపెనీ యాప్ వాడినా, సొంతంగా రాసుకున్నా, మీ జాబితాను మామూలు సీఎస్‌వీ (కామాలతో విడదీసిన వరుసల) ఫైలుగా దించుకునే మీట ఉందో లేదో ముందు చూసుకోండి. ఆ మీట లేని యాప్‌కు మీ చదువు అప్పగించకండి.