దామరగిద్ద నుండి కెమెరా కిటికీ వరకు

హైదరాబాదు నుండి ముంబయి పోవు రహదారిపై సుమారు నూరు కిలోమీటర్లు పయనించినచో జహీరాబాదు పట్టణము వచ్చును. ఆ పట్టణమునకు ఉత్తరముగా, దాదాపు 40 కిలోమీటర్ల దూరమున, 18 డిగ్రీల 3 నిముషముల ఉత్తర అక్షాంశముపై దామరగిద్ద అను స్థానము కలదు. పాఠశాల పుస్తకములలో ఈ పేరు కానరాదు. కాని భూమి ఆకారమును కొలిచిన శాస్త్రజ్ఞుల గ్రంథములలో ఇది మాటిమాటికి వచ్చు పేరు.

నడిచి వెళ్ళకుండ, గొలుసు పరువకుండ, ఉన్నచోటనే నిలిచి దూరమును కంటితో కొలుచుట ఎట్లు? ఆ కన్నే సరిగా లేనిచో కొలత ఏమగును? ఈ రెండు ప్రశ్నలును దామరగిద్దలో దుర్భిణి వెనుక నిలిచినవానికి ఎదురైనవే. నూరేండ్ల తరువాత మెడలో చిన్న కెమెరా వ్రేలాడదీసికొన్న ఛాయాగ్రాహకునికిని అవియే ఎదురైనవి.

త్రిభుజపు మర్మము

1802లో విలియం లాంబ్టన్ మద్రాసు సమీపమున ఒక ఆధారరేఖను కొలిచి దక్షిణ భారతమున త్రికోణ సర్వేను ప్రారంభించెను. త్రిభుజములో ఒక భుజమును, దాని రెండు కొనల యందలి కోణములను తెలిసికొన్నచో, మిగిలిన భుజములను కొలువకయే లెక్కకట్టవచ్చును. ఇది ఉన్నత పాఠశాల విద్యార్థులకు తెలిసిన విషయమే. ఈ విధముగా త్రిభుజము ప్రక్కన త్రిభుజమును పేర్చుకొనుచు, సుమారు 78వ రేఖాంశము వెంబడి లాంబ్టన్ ఉత్తరమునకు సాగెను. లెక్కలో తప్పు పేరుకొనకుండుటకై నడుమనడుమ నేలపై మరల ఆధారరేఖలను కొలువవలసి యుండెను. అట్టి రేఖ యొకటి 1815లో బీదరు ప్రాంతమున కొలువబడెను. తరువాత జార్జి ఎవరెస్టు పర్యవేక్షణలో ఆండ్రూ వా 1841లో ఆ ప్రాంతపు రేఖను మెరుగైన పరికరములతో తిరిగి కొలిచెను. ఉత్తరము నుండి వందలాది మైళ్ళు త్రిభుజముల మీదుగా లెక్కించి తెచ్చిన పొడవునకును, నేలపై కొలిచిన పొడవునకును వచ్చిన భేదము కొద్ది అంగుళములు మాత్రమే!

ఈ కొలతలకు ప్రాణము థియొడొలైటు అను కోణమాపక యంత్రము. లాంబ్టన్ వాడిన పెద్ద యంత్రము బరువు అర టన్ను. దానియందలి దుర్భిణికి రెండు పనులు. మొదటిది, దూరపు గురుతును పెద్దదిగా చూపి అతి స్వల్పమైన కోణభేదమును కూడ కంటికి అందించుట. రెండవది తరచుగా మరచిపోవునది. దుర్భిణి లోపల సన్నని అడ్డుతీగలుండును. పరిశీలకుడు ముందుగా కంటికటకమును ముందునకో వెనుకకో జరిపి, ఆ తీగలు తన కంటికి స్పష్టముగా కనబడునట్లు చేసికొనవలెను. ఇద్దరు పరిశీలకులకు ఈ అమరిక ఒకటే యని నియమము లేదు. ఈనాటికిని సర్వే విద్యార్థికి నేర్పు మొదటి పాఠములలో ఇది యొకటి: ముందు యంత్రమును నీ కంటికి సరిచేయుము, పిమ్మట గురుతును చూడుము.

బొటనవ్రేలితో ఒక ప్రయోగము

ఈ త్రిభుజమును తరగతిలోనే చూపవచ్చును. విద్యార్థి చేయి చాపి, బొటనవ్రేలిని నిలువుగా పట్టి, ఎడమకన్ను మూసి కుడికంటితో ఆటస్థలము ఆవలి గోడను చూడవలెను. తరువాత కుడికన్ను మూసి ఎడమకన్ను తెరువవలెను. వ్రేలు కదలకున్నను గోడపై అది ప్రక్కకు దుమికినట్లు కనబడును. ఆ దుముకు మూడు మీటర్లున్నచో గోడ సుమారు ముప్పది మీటర్ల దూరముననున్నది. ఏలయన కంటికిని వ్రేలికిని గల దూరము, రెండు కన్నుల నడిమి దూరమునకు సుమారు పదిరెట్లు. మన రెండు కన్నుల నడుమ గల ఆరున్నర సెంటీమీటర్లే ఇక్కడ ఆధారరేఖ.

ఈ సూత్రముతోనే ఆర్చిబాల్డ్ బార్, విలియం స్ట్రౌడ్ అను ఆచార్యులు 1888లో ఇంగ్లండులో దూరమాపకమును రూపొందింప పూనుకొనిరి. దానికే రేంజి ఫైండరని పేరు. పొడవైన గొట్టమునకు ఇరుచివరల రెండు కిటికీలు. వాటినుండి వచ్చిన రెండు ప్రతిబింబములను ఒకే కంటి ముందు చేర్చి, అవి ఒకదానితో నొకటి కలియువరకు ఒక మీటను త్రిప్పినచో దూరము తెలియును. రెండు గీతలు సరిగా కలిసినవో లేదో పట్టుటలో మానవనేత్రము కడు నేర్పరి. విడివిడిగా నున్న రెండు చుక్కలను గుర్తించుటకు సామాన్యముగా ఒక నిముషపు కోణము కావలెను. గీత విరిగినదా అతికినదా అని చెప్పుటకు అందులో కొలది భాగము చాలును.

పరదా క్రింద నుండి రెండు కిటికీలకు

హైదరాబాదు రాజ్యమున ఛాయాచిత్రకళకు పేరు తెచ్చిన రాజా దీన్‌దయాళ్ రూర్కీ ఇంజనీరింగు కళాశాలలో చదివినవాడు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడుగా ప్రసిద్ధిచెంది 1905లో మరణించెను. ఆ కాలపు పెద్ద కెమెరాలలో దూరమును కొలువవలసిన అవసరము లేదు. నల్లని గుడ్డ కప్పుకొని, వెనుకనున్న గరుకు గాజుపై తలక్రిందుగా పడిన ప్రతిబింబమును భూతద్దముతో చూచి, స్ఫుటముగా నున్నప్పుడు ఆపుటయే పని. కాని అందుకు ముక్కాలిపీట కావలెను, చిత్రమునకు కూర్చున్నవారు కదలకుండవలెను.

జర్మనీలో ఎర్న్‌స్ట్ లైట్జ్ సంస్థలో పనిచేసిన ఆస్కార్ బర్నాక్ చిన్న ఫిలిముపై తీయు చేతి కెమెరాను నిర్మించెను. అది 1925లో లైకా అను పేర విపణికి వచ్చెను. ఇందులో గరుకు గాజు లేదు. చిత్రము అంచులను వ్యూఫైండరు అను చూపుకిటికీలో చూడవచ్చును గాని, కటకము సరిగా కుదిరినదో లేదో కనబడదు. దూరమును ఊహించియో, విడిగా దూరమాపకమును తగిలించియో కటకమును త్రిప్పవలసి యుండెను. 1932లో ఈ కొరత తీరెను. ఆ ఏట వచ్చిన రెండవ లైకాలోను, త్సైస్ ఇకాన్ సంస్థవారి కాంటాక్సులోను దూరమాపకమును కటకముతో జోడించిరి. రెండు ప్రతిబింబములు కలిసినచో కటకము కూడ సరియైన చోటికి వచ్చి నిలుచును.

ఇక్కడ రెండు మార్గములు కనబడినవి. కాంటాక్సు నిర్మాతలు కిటికీల నడిమి దూరమును దాదాపు 10 సెంటీమీటర్లకు పెంచిరి. లైకాలో అది సుమారు 4 సెంటీమీటర్లే. 1933లో వచ్చిన మూడవ లైకాలో ఆ చిన్న ఆధారరేఖను దుర్భిణి శక్తితో ఆదుకొనిరి: దూరమాపకపు దృశ్యమును ఒకటిన్నర రెట్లు పెద్దదిగా చూపిరి. దానితోపాటు కంటికటకము చుట్టును ఒక చిన్న మీటను అమర్చిరి. దానిని జరిపి ఎవరి చూపునకు తగినట్లు వారు దృశ్యమును దిద్దుకొనవచ్చును. థియొడొలైటు నేర్పిన రెండు పాఠములును ఆ విధముగా ఒక చిన్న కెమెరాలో ఇమిడినవి.

1954లో వచ్చిన లైకా ఎం3 లో చూపుకిటికీయు దూరమాపకమును ఒకే కంటికటకమున కలిసినవి. ఆధారరేఖ 68.5 మిల్లీమీటర్లు. మన రెండు కన్నుల ఎడమునకు ఇది చాల దగ్గర. దృశ్యము 0.91 రెట్లు. కాని పాత మీట ఇందులో లేదు. చూపు దిద్దుకొనదలచినవారు ప్రత్యేకముగా ఒక చిన్న కటకమును తెచ్చి తగిలించుకొనవలసినదే.

పెంచుట వేరు, దిద్దుట వేరు

దూరమాపకపు శక్తిని తెలుపుటకు ఒక సులభమైన గుణకారము కలదు. ఆధారరేఖను ఆవర్ధనముతో, అనగా దృశ్యము ఎన్ని రెట్లు కనబడునో ఆ సంఖ్యతో, హెచ్చింపవలెను. ఎం3 విషయమున 68.5 × 0.91, అనగా సుమారు 62 మిల్లీమీటర్లు. దీనిని సార్థక ఆధారరేఖ అనవచ్చును. తరువాతి నమూనాలు పెక్కింటిలో విశాలమైన దృశ్యమును కిటికీలో ఇముడ్చుటకై ఆవర్ధనమును 0.72 రెట్లకు తగ్గించిరి. వాటి ఆధారరేఖ సుమారు 69 మిల్లీమీటర్లు గనుక సార్థక ఆధారరేఖ 50 మిల్లీమీటర్లకు దిగినది. కంటికటకమునకు 1.25 రెట్ల వర్ధక కటకమును తగిలించినచో అది తిరిగి 62 మిల్లీమీటర్లగును. కెమెరా పొడవు వెంట్రుకవాసి పెరుగకయే ఆధారరేఖ పెరిగిన ఫలము కలుగును.

ఈ వృద్ధి ఎందులకు? దూరము రెండింతలైనచో, దానిని గుర్తించుటలో వచ్చు పొరపాటు నాలుగింతలగును. అందులోను పెద్ద ద్వారముగల దీర్ఘ కటకములకు క్షమ తక్కువ. 90 మిల్లీమీటర్ల కటకమును ఎఫ్/2 ద్వారముతో తెరచి, 2 మీటర్ల దూరమున కూర్చున్న మనుష్యుని తీసినచో, స్ఫుటముగా వచ్చు మందము సుమారు 6 సెంటీమీటర్లు మాత్రమే. కన్ను కుదిరినచో చెవి మసకబారును. చెవి కుదిరినచో కన్ను మసకబారును. ఆ ముదుసలి నవ్విన క్షణము మరల రాదు.

అయితే చూపు మసకగా నున్నవారు వర్ధకమును తెచ్చి తగిలించిన చాలునని తలచుట పొరపాటు. వర్ధకము బొమ్మను పెద్దది చేయును, మసకను తొలగింపదు. ఎం తరగతి కెమెరాలలో కంటికటకపు శక్తి మైనస్ 0.5 డయాప్టరు. డయాప్టరనగా మీటర్లలో చెప్పిన నాభ్యంతరమునకు విలోమము. ఈ కొలమానమును 1872లో ఫ్రాన్సు దేశపు నేత్రవైద్యుడు మొనోయే ప్రతిపాదించెను. మైనస్ 0.5 అనగా, వస్తువు ఎంత దూరముననున్నను కిటికీలోని దృశ్యము 2 మీటర్ల ఎడముననున్నట్లు కంటికి తోచును. కావున ఛాయాగ్రాహకుడు తెలిసికొనవలసిన దొక్కటే: తన కన్ను 2 మీటర్ల దూరమును స్పష్టముగా చూచునా?

హ్రస్వదృష్టి గలవాని కన్ను మైనస్ 2 డయాప్టర్ల అద్దమును కోరునదైనచో, అద్దము లేక అది అర మీటరుకు మించి స్పష్టముగా చూడదు. వానికి కళ్ళజోడో, కంటికటకముపై పుటాకార కటకమో తప్పదు. చత్వారము వచ్చిన నలుబదియైదేండ్ల ఉపాధ్యాయుని స్థితి వేరు. పుస్తకము చదువుటకు పెట్టుకొను ప్లస్ 2 అద్దము అర మీటరు దూరమునకై చేసినది. దానితో కెమెరాలో చూచినచో దృశ్యము మరింత చెదరును. దూరదృష్టి బాగుగా నున్నచో ఆయనకు ఏ అద్దమును అక్కరలేకపోవచ్చును, లేదా ప్లస్ 0.5 వంటి స్వల్పమైన సాయము చాలును.

మూడవ దోషము అసమదృష్టి. ఇందులో నిలువు గీతలు స్పష్టముగాను అడ్డగీతలు మసకగాను, లేదా అందుకు విరుద్ధముగాను కనబడును. 1825లో జార్జి బిడ్డెల్ ఎయిరీ తన ఎడమకంటి దోషమును పరీక్షించుకొని, దానికై స్తూపాకార కటకమును చేయించుకొనెను. ఈ ఎయిరీయే 1855లో త్రికోణ సర్వే ఫలితములలో హిమాలయముల సమీపమున వచ్చిన తేడాకు కారణమును విచారించి, పర్వతముల క్రింద తేలికైన వేరులు లోతుగా దిగియుండునని వివరించెను. దామరగిద్ద ఏ మహాచాపముపై నున్నదో, ఎయిరీ విచారించిన తేడా ఆ చాపపు ఉత్తర భాగముననే బయటపడినది! కెమెరాకు తగిలించు మామూలు దిద్దుబాటు కటకములు గోళాకారమైనవి గనుక అసమదృష్టిని సరిచేయలేవు. ఆ దోషము ఎక్కువగా గలవారు కళ్ళజోడుతోనే చూచుట మేలు. అప్పుడు కన్ను కిటికీకి కొంత ఎడమగును గనుక, విశాలదృశ్యపు అంచులు కనబడకపోవచ్చును. ఒక లాభమునకు ఒక నష్టము తప్పదు.

ఇంకొక హెచ్చరిక. దూరమాపకము లోపలనే అమరిక తప్పియున్నచో వర్ధకము మేలు చేయదు. తప్పు చోటున రెండు ప్రతిబింబములను మరింత నేర్పుగా కలుపుటకే అది పనికివచ్చును. కనుక క్రమము ఇది: మొదట యంత్రము సరియైనదో కాదో చూడవలెను, తరువాత చూపును దిద్దవలెను, అటుపిమ్మటనే పెంచవలెను.

ఈ క్రమము ఛాయాగ్రాహకులకు మాత్రమే చెప్పినది కాదు. 1996 నుండి 2000 వరకు హైదరాబాదులోని ఎల్. వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ శాస్త్రజ్ఞులు నాటి ఆంధ్రప్రదేశ్‌లో పదివేలమందికి పైగా ప్రజల కన్నులను పరీక్షించిరి. వారు అంధత్వమని లెక్కించిన దానిలో సుమారు ఆరవ వంతునకు కారణము కేవలము చూపుదోషము, అనగా తగిన అద్దముతో దిద్దదగినది. నల్లబల్లపై అక్షరములు కనబడని బాలునికి ఉపాధ్యాయుడు అక్షరములను పెద్దవిగా వ్రాసిపెట్టవచ్చును. అది వర్ధకము వంటి సాయము. ఆ బాలుని కంటి పరీక్షకు పంపుట దిద్దుబాటు. మొదటిది ఆనాటికి ఉపకరించును. రెండవది జీవితమంతయు ఉపకరించును.

దామరగిద్దలో దుర్భిణి వెనుక నిలిచిన పరిశీలకుడు కొండపై గురుతును చూచుటకు ముందు, తన కంటికి ఎదురుగా నున్న సన్నని తీగను చూచుకొనెను. దూరమును కొలువబూనిన వారెల్లరును మొదట చేయవలసిన పని అదియే.