సాక్సోఫోన్ ఎవరిది?

సౌదీలో, ఎర్ర సముద్రం ఒడ్డునున్న జిజాన్ నుంచి మాట్లాడుతున్నాను. ఇక్కడ నేను ఐటీ కన్సల్టెంటుగా పనిచేస్తున్నాను. జిజాన్ మల్లెలకి పేరు. సాయంత్రం పూట దండలు అమ్మేవాళ్ళు కనిపిస్తే, మన ఊరి బజారే గుర్తొస్తుంది.

మొన్న మా పదేళ్ళ వాడు సాక్సోఫోన్ నేర్చుకుంటానని పట్టుబట్టాడు. ఫోన్లో ఈ సంగతి చెప్పగానే మా నాన్నగారు, "వయొలిన్ ఉంది, వేణువు ఉంది. పెళ్ళి బ్యాండు వాళ్ళు ఊదే బూరా మనకెందుకురా?" అన్నారు. అది విని మావాడు అలిగాడు. వారం రోజులు తాతతో మాట్లాడలేదు. ఇద్దరి మధ్యా నేను! అందుకే ఈ వాయిద్యం చరిత్ర కాస్త తిరగేశాను.

నిజానికి "ఇది మనది కాదు" అనిపించుకోవడం సాక్సోఫోన్‌కి కొత్తేమీ కాదండీ. బెల్జియంలో పుట్టిన అడాల్ఫ్ సాక్స్ 1846లో పారిస్‌లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. మిలిటరీ బ్యాండ్లు దీన్ని చేరదీశాయి. తర్వాత జాజ్ వాళ్ళు, డాన్సు హాళ్ళ వాళ్ళు నెత్తిన పెట్టుకున్నారు. సింఫనీ ఆర్కెస్ట్రాలో మాత్రం శాశ్వతంగా చోటు దొరకలేదు. అవసరమైనప్పుడు పిలిచే చుట్టంలాగే ఉండిపోయింది.

అమెరికన్ స్వరకర్త జాన్ ఆడమ్స్ తండ్రి 1930లలో అలాంటి డాన్సు బ్యాండ్లలోనే సాక్సోఫోన్ వాయించేవాడు. కొడుకు రాసిన 'సిటీ నొయార్' అనే సింఫనీ 2009 అక్టోబరులో లాస్ ఏంజెలెస్‌లో మొదటిసారి వినిపించింది. 1940, 50ల నాటి ఆ నగర జీవితం, అప్పటి నేర కథల సినిమాలు దానికి ప్రేరణ. అందులో సాక్సోఫోన్ వాయించిన టిమొతీ మెకాలిస్టర్ ప్రతిభకి ముచ్చటపడి, ఆడమ్స్ ఆయన కోసం ఏకంగా ఒక కన్చెర్టోనే రాశాడు. కన్చెర్టో అంటే ఒక వాయిద్యం ముందు నిలబడి ఆర్కెస్ట్రా మొత్తంతో సంభాషించే రచన. 2013 ఆగస్టులో సిడ్నీలో దాని తొలి ప్రదర్శన జరిగింది. దాదాపు అరగంట సాగుతుంది. నాకైతే మొదట్లో ట్రాఫిక్‌లో ఇరుక్కున్నట్టు, మధ్యలో అర్ధరాత్రి ఖాళీ వీధిలో నడుస్తున్నట్టు అనిపించింది. తండ్రి డాన్సు హాల్లో వాయించిన వాయిద్యాన్ని కొడుకు ఆర్కెస్ట్రా ముందు నిలబెట్టాడన్నమాట.

మన దేశంలోనూ ఇలాంటి తండ్రీకొడుకుల కథ ఒకటుంది. కద్రి గోపాల్‌నాథ్ గారిది మంగళూరు ప్రాంతం. తండ్రి నాదస్వర విద్వాంసుడు. కొడుకు మైసూరు ప్యాలెస్ బ్యాండులో సాక్సోఫోన్ విని, దాన్నే పట్టుకున్నారు. పాశ్చాత్య స్వరాల కోసం మీటలు అమర్చిన వాయిద్యం మీద మన గమకాలు పలికించడానికి ఏళ్ళ తరబడి సాధన చేశారు. 1994లో లండన్‌లోని బీబీసీ ప్రామ్స్‌లో కర్ణాటక సంగీతం వినిపించారు. అదే ఏడాది వచ్చిన 'డ్యూయెట్' సినిమాలో, రెహమాన్ సంగీతంలో మనం విన్న సాక్సోఫోన్ ఆయనదే. 2019లో కన్నుమూశారు.

ఇదంతా నాన్నగారికి చెప్పలేదు. చెప్తే వినరు కదా! ఆయన వాయించిన త్యాగరాజ కృతి ఒకటి ఫోన్‌కి పంపి ఊరుకున్నాను. ఆ రాత్రే ఫోన్ చేశారు. "సాహిత్యం ఒక్క ముక్క కూడా పోలేదురా. వింటూ నేనూ పాడేశాను" అన్నారు. కాసేపాగి, "వాడికోసారి ఫోనివ్వు" అన్నారు.

ఇచ్చాను. అటునుంచి ఏమన్నారో వినపడలేదు గానీ, మావాడు మాత్రం నవ్వుతూ, "బూరా కాదు తాతయ్యా, సాక్సోఫోన్!" అంటున్నాడు.