గురివింద గింజ, ఆముదం గింజ: మొక్కల విషాలు – మన సహజ రక్షణ



గురివింద గింజను మీలో చాలామంది చూసే ఉంటారు. ఎర్రటి గింజ, ఒక కొసన నల్లటి మచ్చ. తన నలుపు తానెరగదని దాని మీద మనకో సామెత ఉంది. కంసాలులు ఒకప్పుడు బంగారాన్ని ఈ గింజలతోనే తూచేవారు. మీరు మహబూబ్‌నగర్ పల్లెలో ఉన్నా, దక్షిణ అండమాన్‌లోని బ్రూక్షాబాద్‌లో ఉన్నా, ఈ తీగ పెరిగే ఉష్ణమండలంలోనే ఉన్నారు. ఇంత అందమైన గింజలో అబ్రిన్ అనే ప్రాణాంతకమైన విషం ఉంది. దానికి దగ్గర బంధువైన రిసిన్ మన ఆముదం గింజలో ఉంది.

రోగనిరోధక శక్తి అనగానే మనకు సూక్ష్మజీవులే గుర్తొస్తాయి. మరి లోపలికి వచ్చింది సూక్ష్మజీవి కాక, ఒక మొక్క విషమైతే? పుట్టుకతో వచ్చిన మన రక్షణ అప్పుడేం చేస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు వెతికిన చరిత్రలో ఈ రెండు గింజలూ ముఖ్య పాత్ర వహించాయి.

క్రిమా? విషమా?

1882లో పారిస్‌లో లూయి ద వెకర్ అనే కంటి వైద్యుడు, గురివింద గింజలు నానబెట్టిన నీటిని ట్రకోమా రోగుల కళ్లకు వాడటం ప్రచారంలోకి తెచ్చాడు. ఆ నీరు తగలగానే కన్ను ఎర్రబడి, వాచి, చీము పట్టేది. ఆ వాపు తగ్గేటప్పుడు పాత జబ్బు కూడా పోతుందని ఆయన ఆశ. వాపు ఎందుకు వస్తోంది? క్షయ క్రిమిని రాబర్ట్ కాక్ ప్రకటించిన సంవత్సరం కూడా అదే. అందరి చూపూ క్రిముల మీదే ఉంది. ఆ నీటిలో పెరిగే ఒక బాసిల్లస్సే దీనికి కారణమని సాట్లర్ అనే వైద్యుడు 1883లో వాదించాడు.

ఈ వాదాన్ని తోసిపుచ్చిన పని మన దేశంలోనే జరిగింది. ఆ కాలంలో తోలు కోసం కొందరు గురివింద ముద్దతో సూదులు చేసి, పశువులకు గుచ్చి చంపేవారు. కలకత్తాలో వార్డెన్, వాడెల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ విషాన్ని పరీక్షించి, ఇందులో క్రిమి ప్రమేయం లేదని 1884లో తేల్చారు. గింజలోని ప్రోటీన్ వంటి పదార్థమే విషమని చెప్పి, దానికి అబ్రిన్ అని పేరు పెట్టారు.

దీని అర్థం గమనించండి. క్రిమి లేకపోయినా కన్ను వాచింది, చీము పట్టింది. అంటే వాపు బయటినుంచి వచ్చేది కాదు, శరీరం తానుగా చేసే పని.

ముల్లు చుట్టూ చేరిన కణాలు

ఆ పని చేసేదెవరో చూపినవాడు రష్యన్ శాస్త్రజ్ఞుడు ఇల్యా మెచ్నికాఫ్. 1882లో ఇటలీలోని మెస్సీనాలో ఆయన పారదర్శకంగా ఉండే నక్షత్రచేప డింభకాల్లోకి చిన్న ముళ్లు గుచ్చాడు. మర్నాటి ఉదయానికి సంచార కణాలు ముల్లు చుట్టూ మూగి ఉన్నాయి. ఇవే భక్షక కణాలు. ఎవరూ నేర్పకుండానే, పరాయి వస్తువు కనబడగానే పరుగెత్తుకొచ్చే ఈ ఏర్పాటునే నేడు సహజ రోగనిరోధకత అంటున్నాం.

ఎర్లిక్ ఎలుకలు

1888లో డోర్పాట్ విశ్వవిద్యాలయంలో (నేటి ఎస్టోనియాలోని టార్టు) స్టిల్‌మార్క్ ఆముదం గింజల నుంచి రిసిన్‌ను వేరుచేశాడు. 1891లో జర్మన్ శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిక్ ఎలుకలకు రిసిన్‌ను అతి కొద్ది మోతాదుతో మొదలుపెట్టి, క్రమంగా పెంచుతూ తినిపించాడు. కొన్నాళ్లకు అవి మామూలు ఎలుకలను చంపే మోతాదుకు ఎన్నో రెట్లు తట్టుకున్నాయి. కాని రిసిన్‌ను జయించిన ఎలుకకు అబ్రిన్ ఇస్తే చచ్చిపోయింది! ఒక్కో విషానికి ఒక్కో ప్రత్యేకమైన రక్షణ తయారవుతుందన్నమాట. తల్లి పాల ద్వారా ఆ రక్షణ పిల్లలకు అందుతుందని కూడా ఆయన 1892లో చూపాడు. ఇది ఆర్జిత రోగనిరోధకత. 1908లో నోబెల్ బహుమతిని మెచ్నికాఫ్, ఎర్లిక్ కలిసి పంచుకున్నారు.

నేటి అవగాహన

మన మొదటి రక్షణ గోడలు చర్మం, శ్లేష్మపు పొరలు. జీర్ణరసాలు కూడా ఈ విష ప్రోటీన్లను కొంతవరకు ముక్కలు చేస్తాయి. అందుకే ఇవి తిన్నప్పటికంటే రక్తంలోకి నేరుగా వెళ్లినప్పుడు ఎన్నో రెట్లు ప్రమాదకరం. గోడలు దాటిన విషం కణంలో చేరి, ప్రోటీన్లు తయారుచేసే రైబోజోములను పాడుచేస్తుంది. రైబోజోము ఆర్‌ఎన్‌ఏలో ఒకే ఒక్క అడినిన్‌ను రిసిన్ తొలగిస్తుందని జపాన్ శాస్త్రజ్ఞులు 1987లో కనుగొన్నారు. ఆ ఒక్క దెబ్బకే రైబోజోము ఆగిపోతుంది.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. సూక్ష్మజీవులనైతే మన భక్షక కణాలు వాటి పైపొర గుర్తులను బట్టి పోల్చుకుంటాయి. రిసిన్‌కు అలాంటి గుర్తులు లేవు. కణం విషాన్ని కాక, విషం చేసిన నష్టాన్ని పసిగడుతుంది. రైబోజోములు ఆగిపోగానే ప్రమాద సంకేతాలు బయలుదేరతాయి. ఇంటర్‌లూకిన్-1 వంటి పదార్థాలు విడుదలై వాపు మొదలవుతుంది. కాని ముల్లును చుట్టుముట్టినట్టు ఈ విషాన్ని బంధించడం కుదరదు. దాన్ని లోపలికి తీసుకున్న భక్షక కణమే చచ్చిపోతుంది. పైగా ఆ వాపు మన కణజాలాన్నే దెబ్బతీస్తుంది. రిసిన్ పీల్చిన ఎలుకల్లో ఇంటర్‌లూకిన్-1 సంకేతాన్ని అడ్డుకుంటే ఊపిరితిత్తుల వాపు తగ్గిందని ప్రయోగాలు చూపాయి.

కాబట్టి సహజ రక్షణ కాపలాదారు వంటిది. నిప్పంటుకుందని కేక వేయగలదు, కాని ప్రతి నిప్పునూ ఆర్పలేదు. విషాన్ని అణువు అణువుగా పట్టుకోగలిగేవి ప్రతిదేహాలు. అవి తయారు కావడానికి రోజులు పడుతుంది. విషం అన్నాళ్లు ఆగదు.

మన పెద్దల అనుభవం ఈ లోటును కొంత పూడ్చింది. రిసిన్ నీటిలో కరుగుతుంది, నూనెలో కరగదు, వేడికి చెడిపోతుంది. గింజలను ఉడికించి తీసే వంటాముదంలో అందుకే భయం లేదు. గానుగలో మిగిలే ఆముదపు చెక్కలో మాత్రం విషం ఉండిపోతుంది. దాన్ని పొలానికి ఎరువుగా వేస్తారు గాని, విషం తీయకుండా పశువులకు పెట్టరు.

గురివింద గింజ గట్టి పొర పగలకపోతే విషం బయటికి రావడం కష్టం. కాని దండ కోసం తొలిచిన గింజకు, నమిలిన గింజకు ఆ పొర అడ్డు ఉండదు. చిన్నపిల్లలు ఈ గింజ నమిలారని తెలిస్తే వాంతులు మొదలయ్యేదాకా చూడకండి. లక్షణాలు కొన్ని గంటలు ఆలస్యంగా రావచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, గింజను కూడా వెంట పట్టుకెళ్లి డాక్టరుకు చూపించండి.