నాణెములపై సహజ కృత్రిమచ్ఛాయలు

నాణెమునకు రెండు సాక్ష్యములు గలవు. ఒకటి దానిపై ముద్రింపఁబడిన లిపి. రెండవది కాలము దానిమీఁదఁ గప్పిన పొర. మొదటిదానిఁ జదువ నేర్చినవా రనేకులు. రెండవదానిఁ జదువ నేర్చినవారు మిక్కిలి యరుదు. ఇందువలన చరిత్రమునకుఁ గలుగు ననర్థము కొంచెము గాదు. ఒక కూటనాణెము నమ్మఁబడినచో లేని రాజు పుట్టును. లేదా యున్న రాజునకు లేని బిరుదము కలుగును.

వ్యాకరణమందుఁ గృత్రిమాకృత్రిమన్యాయ మొకటి ప్రసిద్ధము. ఒక శబ్దమునకు శాస్త్రకారుఁడు కల్పించిన యర్థమును, లోకసిద్ధమైన యర్థమును గలిగినతావున, కల్పితమునే గ్రహింపవలెనని దాని తాత్పర్యము. నాణెముల విషయమున నీ న్యాయము తలక్రిందగును. ఇచ్చటఁ గృత్రిమము త్యాజ్యము, అకృత్రిమమే ప్రమాణము. ఏది యకృత్రిమమో తెలియుటయే కష్టము.

వెండి గాలిలోని గంధకవాయువుతోఁ గలిసి పైతలమునఁ బలుచని పొరగా మాఱును. వెలుతురు ఆ పొర పైభాగమునుండియు, అడుగునుండియుఁ బ్రతిఫలించుటచే, నీటిపైఁ బడిన నూనెచుక్కయందువలె రంగులు పుట్టును. ఆ రంగులకుఁ గ్రమము గలదు. తొలుత లేఁతపసుపు, పిదప నెఱుపు గలిసిన కపిలము, పిమ్మట నీలము, పొర దళసరియైనకొలఁది మరల పసుపు, ఎఱుపు, పచ్చ, తుదకు నలుపు. సహజచ్ఛాయయం దొకవర్ణము వేఱొకదానిలో మెల్లఁగాఁ గరఁగిపోవును. గంధకపుఁబొగ పట్టియో, గంధకమును క్షారముతోఁ గాఁచిన ద్రవమున ముంచియో, నిప్పుపై వేఁడిచేసియో తెచ్చిన రంగు తఱచుగా నీ క్రమమును దప్పును. పసుపు ప్రక్కనే నీలము మచ్చవలె నిలుచును. నిన్నటి గీఁతలోఁగూడ నదే రంగు నిండియుండును. సహజమైన పొరమీఁదఁ గ్రొత్తగాఁ బడిన గీఁత యడుగువెండిని జూపవలెను గదా! అయినను రెండింటియందును ద్రవ్యమొకటియే. భేద మంతయుఁ గాలమునందే యున్నది. కావున ద్రవ్యపరీక్ష యొక్కటియే యిట నిర్ణయము చేయఁజాలదు.

రంగు వేయువా రందఱును కూటకారులు గారు. చింతపండుతోఁ దోమి నాణెమును దళదళలాడించుట మన యిండ్లలోని యలవాటు. అట్లు తోమఁబడినదానికి వెల తగ్గుటచేత, అమ్మకందారు దానికి మరల ముసుఁగు వేయును. ఇది యొకవిధమైన మోసమే యైనను, ముద్ర నిజమైనదే.

ముద్రయు, ముసుఁగు రెండును గల్ల యగుటకు కార్ల్ విల్హెల్మ్ బెకర్ (1772–1830) వృత్తాంతము చాలును. ఇతఁడు జర్మనీదేశమున స్పేయరునఁ బుట్టి, ఓఫెన్‌బాకునందు ఈసెన్‌బర్గు రాజు నాశ్రయించి గ్రంథాలయాధికారియై, పురావస్తుసేకర్తగాఁ బేరువడసెను. మహాకవి గేథే యంతవాఁడు నితని సేకరణమును జూచి మెచ్చెను. అట్టివాఁడు గ్రీకు, రోమక, మధ్యయుగనాణెములకు అచ్చులను స్వహస్తముతోఁ జెక్కెను. అవి 300 లకు మించినవి. అతని నేర్పంతయు లోహమునందుఁ గలదు. క్రొత్తవెండి పట్టుఁబడునని యెఱిఁగి, వెలతక్కువ ప్రాఁతనాణెములనే కొని, వానిపైఁ దన ముద్రలను గొట్టెను. లోహము నిజముగాఁ బ్రాచీనమే. పరీక్షించువాఁ డేమి చేయును?

ఇఁక ఛాయ మిగిలెను. దానికై బెకరు నాణెములను జమురుతోడను, ఇనుపరజనుతోడను బెట్టెలో నుంచి, తన బండిక్రిందఁ గట్టి, ఫ్రాంక్‌ఫర్టు బాటపైఁ ద్రిప్పెడువాఁడు. ముసలిదొరలను షికారు త్రిప్పుచున్నానని దినచర్యయం దతఁడు పరిహాసముగా వ్రాసికొనెను. బండి కుదుపునకు రజను తగిలి పదునైన యంచులు మొద్దువాఱెను. పల్లములలో మసి చేరెను. మొగమున ముడుతలు గీసికొనిన నటుని వార్ధకమువంటి దీ ముదిమి. ఇది పొర గాదు, మురికి. సహజచ్ఛాయ లోహమునుండియే పుట్టినది గావున మెఱుఁగుతోఁ గూడియుండును. బెకరు మసి జిడ్డును గరఁగించు ద్రవముతోఁ దుడిచినచో వీడును. 1826 సంవత్సరమున డొమెనికో సెస్టీని యను ఇటలీపండితుఁడు ఫ్లారెన్సునందు గ్రంథము ప్రకటించి యీ గుట్టును బయలుపఱచెను. అప్పటికే యనేకనాణెములు పెద్దసేకరణములఁ జేరియుండెను.

ఈ కథ ఆంధ్రచరిత్రమునకు దూరమైనది గాదు. 1906వ సంవత్సరమున నాసికమండలమున జోగల్‌తెంబియందు 13,250 కు మించిన వెండినాణెములు దొరకెను. అవి క్షహరాతుఁడగు నహపానునివి. వానిలో 9,000 లకుఁ బైఁబడినవానిపై గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను మరలఁ గొట్టించెను. ఇదియుఁ బ్రాఁతనాణెముపైఁ గ్రొత్తముద్రయే! బెకరు చేసినదానికిని దీనికిని క్రియ యొకటియే. శాతకర్ణి జయించి, ఆ జయమును జాటుటకై కొట్టించెను. బెకరు దాఁచుటకై కొట్టెను. ఇట్టి నాణెమొకటి యంగడిలోఁ గానవచ్చినచో లోహము ప్రాఁతదనుట కొఱగాదు. శాతకర్ణిముద్ర పల్లములలోను, నహపానుని మిగిలిన యక్షరములమీఁదను ఒకే పొర, ఒకే క్రమమునఁ బఱచుకొన్నదా యని చూడవలెను. నహపానుని యక్షరములపై నలుపుండి, శాతకర్ణిముద్ర యంచులవద్ద నది పగిలియున్నచో, ఆ ముద్ర నిన్నమొన్నటిదని శంకింపవలెను.

శాతవాహనుల సీసపునాణెముల మాట వేఱు. వానిపై నేలలోఁ బుట్టు తెల్లని పొర కొన్నియెడలఁ బొడియై రాలి, లిపిని సైతము తనతోఁ గొనిపోవును. వానిని దోముట యనఁగా శాసనమును జెఱిపివేయుటయే.